చలి ఉదయము – చిన్న మీట

పుష్యమాసపు తెల్లవారుజామున హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము చూడముచ్చటగా నుండును. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కళాశాల భవనపు గులాబివన్నె రాతిగోడలు మంచుతెరలో సగము దాగియుండును. చెట్ల ఆకులనుండి మంచుబిందువులు రాలుచుండును. శాలువలు కప్పుకొన్న వృద్ధులు వాహ్యాళికై వచ్చి, తూర్పుగా తార్నాకవైపు సాగు బాటపై మెల్లగా నడచుచుందురు. ఉర్దూలో 'తార్' అనగా తీగె, 'నాకా' అనగా కావలిచోటు. పూర్వము అక్కడ తీగెకంచెతో కూడిన కావలిచోటు ఉండుటచే ఆ పేటకు తార్నాక యను పేరు వచ్చెనని చెప్పుదురు.

హైదరాబాదు దక్కను పీఠభూమిపై, సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. అందుచే అచ్చటి శీతకాలపు ఉదయములు కోస్తా పట్టణముల ఉదయములవంటివి కావు. డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగుటయు, కొన్ని దినములలో 10 డిగ్రీలకు లోబడుటయు కలదు. 1946 జనవరిలో అది 6.1 డిగ్రీలకు దిగెను. చెట్లును ఖాళీ నేలయు విస్తారముగా గల చోట్ల చలి మరింత హెచ్చుగా నుండును.

అట్టి ఉదయములందు తార్నాక వీధులలో ఒక విచిత్రమైన ధ్వని చాలకాలము వినబడుచుండెడిది. ఎవరో మోటారుసైకిలును కాలితో తన్నుచుందురు. యంత్రము ఒక్కసారి దగ్గి ఊరకుండును. మరల తన్నుదురు. మరల దగ్గును. పదిమార్లు, ఇరువదిమార్లు ఇట్లే జరుగును. మధ్యాహ్నము ఒక్క తన్నుతో మేల్కొను ఆ బండియే, ఉదయమున అంత మొండితనము చూపుట కేమి కారణము? ఒక విద్యార్థి కథను ఊహించుకొని ఈ సంగతిని తెలిసికొందము.

అది 1990 ప్రాంతము. ఆ రోజులలో మన రోడ్లపై పలువిధములైన మోటారుసైకిళ్ళు తిరుగుచుండెను. మద్రాసులో 1955 నుండి తయారగుచు వచ్చిన ఎన్‌ఫీల్డు బుల్లెట్టు, మైసూరు కర్మాగారమునుండి వచ్చిన జావా, యెజ్డీ బండ్లు, రైతులకును పాలవర్తకులకును ప్రీతిపాత్రమైన రాజ్‌దూత్, 1985లో బజారునకు వచ్చిన హీరోహోండా సి.డి. 100, యమహా ఆర్.ఎక్స్. 100 – ఇవి అందు ముఖ్యమైనవి. ఈ బండ్లన్నిటికిని ఒక సామాన్యలక్షణము కలదు. వానిలో పెట్రోలును గాలితో కలిపి యంత్రమునకు అందించు పని కార్బురేటరు అను చిన్న సాధనముదే.

మన విద్యార్థి తార్నాకలో ఒక మేడయింటి క్రిందిగదిలో అద్దెకుండి, విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలలో చదువుచుండెను. 1929లో స్థాపింపబడిన ఆ కళాశాల ఆ యింటికి అరగంట నడకదూరమున నున్నది. అతని తండ్రి తాను పదునైదేండ్లు నడిపిన బుల్లెట్టు బండిని కుమారునకు ఇచ్చియుండెను. ఆనాడు అతనికి పరీక్ష. క్రిందటి రాత్రియే అతడు కార్బురేటరు బొమ్మను మూడుసార్లు గీచి, దాని భాగముల పేర్లన్నియు కంఠస్థము చేసెను.

ఉదయము ఎనిమిది గంటలకు అతడు వసారాలో నున్న బండిని తన్నెను. అది కదలలేదు. యాక్సిలరేటరును పూర్తిగా తిప్పి తన్నెను. ప్రయోజనము లేకపోయెను. తండ్రి చెప్పిన చోక్ మీట అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. దానిని లేపి, యాక్సిలరేటరును మాత్రము విడువక, పదిమార్లు తన్నెను. యంత్రము ఒకసారి దగ్గి, నల్లని పొగ వెడలగ్రక్కి, ఆగిపోయెను. కోపముతో మరి పదిమార్లు తన్నెను. ఈసారి దగ్గుకూడ వినబడలేదు. పెట్రోలు వాసన మాత్రము గుప్పుమని కొట్టెను. వసారా ప్రక్కగదిలో నిదురించుచున్న ఇంటివారి పసిబిడ్డ ఆ చప్పుడునకు లేచి ఏడ్వసాగెను.

విద్యార్థి చెమటలు క్రమ్మగా బండిని త్రోసికొనుచు వీధిచివరనున్న మెకానిక్కు వద్దకు పోయెను. ఆయనను ఆ పేటలో అందరును 'ఉస్తాదు' అని పిలుతురు. ఉస్తాదు అప్పుడే దుకాణపు తలుపులు తీయుచుండెను.

"అన్నా, పదిగంటలకు పరీక్ష. బండి కదలుటలేదు. ఎట్లయినను నడిపించవలెను" అని విద్యార్థి ప్రాధేయపడెను.

ఉస్తాదు బండి దగ్గరకు వచ్చి వాసన చూచెను. "బాబూ, పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోయినది. దానిని విప్పి ఆరబెట్టవలెను. ఆ తరువాత ఇంకేమి కనబడునో చెప్పలేను. పరీక్ష బండికొరకు ఆగదు. నీవు బస్సెక్కి పొమ్ము. బండి ఎక్కడికిని పోదు. సాయంకాలము వచ్చినచో దీని సంగతి చెప్పెదను" అనెను. విద్యార్థి బస్సెక్కి సకాలమునకు పరీక్షాగృహము చేరెను.

సాయంకాలమున ఉస్తాదు చెప్పిన సంగతులను, విద్యార్థి పుస్తకములలో చదివిన సంగతులను కలిపి చూచినచో, ఉదయమున జరిగినదంతయు తేటపడును.

మోటారుసైకిలు యంత్రములో సిలిండరు అను గొట్టమును, అందు క్రిందుమీదుగా కదలు పిస్టనును ఉండును. బుల్లెట్టువంటి బండ్లలో పిస్టను నాలుగు పనులు వరుసగా చేయును. మొదట గాలిపెట్రోళ్ళ మిశ్రమమును లోనికి పీల్చును. పిదప దానిని అదుమును. అంతట ప్లగ్గునుండి నిప్పురవ్వ పుట్టి మిశ్రమము మండును. ఆ మంటబలముచే పిస్టను క్రిందికి నెట్టబడును. తుదకు కాలిన వాయువులు వెలికి త్రోయబడును. ఈ నాలుగు పనులు సక్రమముగా జరుగవలెనన్నచో మిశ్రమము సరియైన పాళ్ళలో నుండవలెను. తూకములో ఒక పాలు పెట్రోలునకు సుమారు పదునైదు పాళ్ళ గాలి కావలెను. పెట్రోలు పాలు హెచ్చినచో మిశ్రమము చిక్కనిదనియు, తగ్గినచో పలుచనిదనియు చెప్పవచ్చును. మరీ పలుచనైనను, మరీ చిక్కనైనను అది అంటుకొనదు.

ఈ పాళ్ళను కుదుర్చునదే కార్బురేటరు. గొట్టములో పారు గాలి ఇరుకుచోటికి వచ్చినప్పుడు వేగము హెచ్చును. అచ్చట దాని పీడనము తగ్గును. వేగమునకును పీడనమునకును గల ఈ సంబంధమును స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడైన డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఇరుకు గొట్టములో ప్రవాహము నడచు తీరును ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంటూరి పరిశీలించెను. నేటికిని అట్టి ఇరుకుచోటును ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. కార్బురేటరులో ఆ ఇరుకుచోట సన్నని రంధ్రముగల జెట్టు ఉండును. పీడనము తగ్గగానే క్రిందిగిన్నెలోని పెట్రోలు జెట్టుగుండ పైకెగసి తుంపరలై గాలిలో కలియును. దోమలమందు చల్లు చేతిపంపులో జరుగునదియు ఇదియే. గిన్నెలో పెట్రోలు ఒకే మట్టమున నుండుటకై ఒక తేలుడుబిళ్ళ కాపలా కాయుచుండును. 1893 ప్రాంతమున జర్మనీలో మైబాకును, హంగరీలో బాంకి, చోంకా అనువారును ఇట్టి తుంపర కార్బురేటర్లను రూపొందించిరి.

అయితే తుంపరలు మండవు. ఆవిరియైన పెట్రోలు మాత్రమే మండును. చలి ఉదయమున చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

పెట్రోలు ఒకే పదార్థము కాదు. అది పలువిధములైన హైడ్రోకార్బనుల కలయిక. వానిలో కొన్ని తేలికైనవి. అవి 35, 40 డిగ్రీల వేడికే మరుగును. కొన్ని బరువైనవి, అవి మరుగుటకు 200 డిగ్రీలవరకు కావలెను. మన ఇండ్లలో కట్టెలపొయ్యిని వెలిగించు తీరును తలచుకొనుడు. అగ్గిపుల్ల గీచి పెద్దమొద్దుక్రింద పెట్టినచో అది అంటుకొనదు. ముందు ఎండుచితుకులు పేర్చవలెను. చితుకులు మండి, ఆ వేడికి పుల్లలంటుకొని, పిదప మొద్దులంటుకొనును. పెట్రోలులోని తేలిక పదార్థములే చితుకులు. బరువు పదార్థములే మొద్దులు. యంత్రము వేడిగా నున్నప్పుడు చితుకులును మొద్దులును కూడ ఆవిరియగును. చల్లగా నున్నప్పుడు చితుకులు మాత్రమే ఆవిరియగును. మిగిలిన పెట్రోలు చల్లని గోడలకు తడిగా అంటుకొని, నిప్పురవ్వకు అందక నిలిచిపోవును.

ఇంతియే కాదు. కుండలోని నీరు చల్లబడుటకు కారణమేమి? కుండగోడలనుండి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి నీటి వేడిని లాగుకొనును. పెట్రోలు కూడ ఆవిరియగునప్పుడు తన చుట్టునున్న గాలినుండి వేడిని లాగుకొనును. అందుచే, అసలే చల్లని ఉదయపుగాలి కార్బురేటరులో ఇంకను చల్లబడును. చలిలో కొబ్బరినూనె గడ్డకట్టునట్లు యంత్రములోని నూనె గడ్డకట్టదు గాని, చిక్కబడును. దానిచే పిస్టను బరువుగా కదలును. గాలిని పీల్చు వేగము తగ్గును. పీల్పు తగ్గినచో జెట్టునుండి వచ్చు పెట్రోలును తగ్గును. ఇన్ని కారణములు కలసి, పేరునకు పాళ్ళు సరిగానే ఉన్నను, ప్లగ్గువద్దకు చేరు ఆవిరి మాత్రము పలుచనైపోవును.

దీనికి విరుగుడేమి? చితుకులు చాలనప్పుడు మరికొన్ని పుల్లలను తెచ్చి, వానిలోని చితుకులను ఏరవలెను. అనగా, మామూలుకంటె చాల హెచ్చు పెట్రోలును లోనికి పంపవలెను. అందులో తేలిక భాగము మాత్రమే ఆవిరియైనను మంటకు చాలును. ఈ పనికై ఏర్పడినదే చోక్.

చోక్ పనిచేయు తీరును ఒక చిన్న ప్రయోగముచే గ్రహింపవచ్చును. రెండు గొట్టములను నోట పట్టుకొని, ఒకదానిని షర్బత్తు గ్లాసులో ముంచి, రెండవదానిని వెలుపలనే ఉంచి పీల్చుడు. గాలి యెక్కువగాను షర్బత్తు తక్కువగాను వచ్చును. ఇప్పుడు వెలుపలి గొట్టపు చివరను వ్రేలితో సగము మూయుడు. అంతే పీల్పునకు షర్బత్తు ఎక్కువగా వచ్చును. కొన్ని బండ్ల కార్బురేటరులో గాలి వచ్చు మార్గమున ఒక రేకుతలుపు ఉండును. మీటను కదపగానే అది మూసికొని, వ్రేలు చేసిన పనినే చేయును. గొంతు నొక్కుట అను అర్థముగల ఆంగ్లపదమే ఈ సాధనమునకు పేరైనది.

మరికొన్ని బండ్లలో తలుపు ఉండదు. మీట లేపగానే ఒక చిన్న ముళ్ళ వంటి కడ్డీ పైకి లేచి, పెట్రోలునకు వేరొక ప్రత్యేకమార్గమును తెరచును. ఈ మార్గమున పెట్రోలు రావలెనన్నచో యంత్రపు పీల్పు బలముగా నుండవలెను. యాక్సిలరేటరును మూసియుంచినప్పుడే ఆ పీల్పు అచ్చట బలముగా నుండును. దానిని తిప్పినచో పీల్పు సడలి చోక్ నిష్ఫలమగును. పాత జావా, యెజ్డీ బండ్లలో మూడవ పద్ధతి కలదు. కార్బురేటరుపై నున్న చిన్న బొడిపెను వ్రేలితో నొక్కినచో, అది తేలుడుబిళ్ళను క్రిందికి ముంచును. గిన్నెలో పెట్రోలు మట్టము పెరిగి జెట్టునుండి పొంగును.

"నీవు యాక్సిలరేటరు త్రిప్పుచు చోక్ లేపితివి. ఒక చేత ఇచ్చి మరొక చేత తీసికొన్నట్లయినది. పిదప కోపముతో తన్నుచుండగా తన్నుచుండగా లోన చేరిన పెట్రోలంతయు ఆవిరిగాక నిలిచి, ప్లగ్గును తడిపెను. తడిసిన ప్లగ్గునుండి నిప్పు పుట్టునా?" అని ఉస్తాదు అడిగెను.

విద్యార్థి తలవంచుకొనెను. రాత్రి గీచిన బొమ్మలో చోక్ కూడ ఉన్నది. దాని పేరును అతడు చక్కని అక్షరములతో వ్రాసియుండెను.

ఉస్తాదు ప్లగ్గును గుడ్డతో తుడిచి ఆరబెట్టెను. మీటను దింపి, పెట్రోలు ట్యాపును కట్టి, యాక్సిలరేటరును పూర్తిగా తెరచి నాలుగైదు తన్నులు తన్నెను. అట్లు చేసినచో పొడిగాలి విరివిగా లోనికి పోయి, నిలిచిన పెట్రోలును వెలికి కొట్టుకొనిపోవును. పిదప ప్లగ్గును బిగించి, ట్యాపు విప్పి, ఒక్క తన్నుతో యంత్రమును మేల్కొలిపెను.

అనంతరము ఆయన చలి ఉదయమున పాటింపవలసిన క్రమమును వరుసగా చెప్పెను. మొదట పెట్రోలు ట్యాపును విప్పి, గిన్నె నిండుటకు కొంత వ్యవధి నీయవలెను. చోక్ మీటను పూర్తిగా లేపవలెను. యాక్సిలరేటరును ముట్టరాదు. తాళము త్రిప్పకముందే రెండుమూడుసార్లు మెల్లగా తన్నినచో చిక్కని మిశ్రమము సిలిండరులో చేరును. బుల్లెట్టువంటి పెద్ద బండిలో, అదుము ఘట్టమున పిస్టను పైకొసకు చేరినప్పుడు కాలికి గట్టిగా అడ్డు తగులును. అప్పుడు డీకంప్రెసరు మీటను నొక్కి, పిస్టనును ఆ కొస కొంచెము దాటించి, మీటను విడిచి, నిండుగా ఒకే ఊపుతో తన్నవలెను. కొస దాటించక తొందరపడినచో ఆ కడ్డీ వెనుకకు ఎదురుతన్ని కాలిని గాయపరచును. యంత్రము మేల్కొన్న పిదప ఒకటి రెండు నిమిషములలో, అది నిలకడగా ఆడగానే, చోక్‌ను దింపవలెను.

"దింపుట మరచినచో ఏమగును?" అని విద్యార్థి అడిగెను.

"చిన్నబిడ్డకు ముద్దలు ఎక్కువ పెట్టినట్లగును" అని ఉస్తాదు నవ్వెను. ఆ మాట నిజము. వేడెక్కిన యంత్రమునకు చిక్కని మిశ్రమము అక్కరలేదు. అది పూర్తిగా మండక నల్లని మసియై ప్లగ్గునకు పట్టును. మండని పెట్రోలు సిలిండరు గోడలపై నున్న నూనెపొరను కడిగివేయును; దానిచే పిస్టను వలయములు త్వరగా అరిగిపోవును. పెట్రోలు వృథాయగును. వేసవి మధ్యాహ్నమున చోక్ వేయుటయు ఇట్టి పొరపాటే.

చివరకు ఉస్తాదు ముఖము గంభీరమయ్యెను. "బాబూ, బండిని ఎక్కడ తన్నితివి?" అని అడిగెను. వసారాలోనని విద్యార్థి చెప్పెను. "అక్కడ పసిబిడ్డ నిదురించుచున్నది గదా! బండి కదలకపోవుటయే నేడు మంచిదైనది. ఇకమీదట ముందు వీధిలోనికి త్రోసికొనిపోయి, ఆ పిదపనే తన్నుము" అని హెచ్చరించెను.

ఈ హెచ్చరిక అన్నిటికంటె ముఖ్యమైనది. మిశ్రమము చిక్కగా నున్నప్పుడు గాలి చాలక పెట్రోలు సగము మండును. అందుండి కార్బను మోనాక్సైడు అను విషవాయువు విస్తారముగా పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువును మోసికొనిపోవును. కాని ఈ విషవాయువును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైబడిన పట్టుతో అంటిపెట్టుకొనును. అట్టి రక్తము దేహమునకు ప్రాణవాయువును అందింపజాలదు. తలనొప్పి, మగత కలిగి, పీల్చినవాడు మేలుకొనకయే ప్రాణము విడుచుటయు కలదు. కావున తలుపులు మూసిన గదిలోగాని, మెట్లక్రింది ఇరుకు చోటగాని ఎన్నడును యంత్రమును నడుపరాదు. చోక్ వేసిన సమయమున ఈ ప్రమాదము మరింత హెచ్చు.

మరునాటి ఉదయము మంచు ఇంకను విడువలేదు. విద్యార్థి బండిని చప్పుడుకాకుండ వీధిలోనికి త్రోసికొనివచ్చెను. ట్యాపు విప్పెను. మీట లేపెను. యాక్సిలరేటరును ముట్టలేదు. పిస్టనును కొస దాటించి ఒక్క తన్ను తన్నెను. బండి లేవలేదు. అతడు కోపగింపలేదు. అదే క్రమమున మరల తన్నెను. ఈసారి యంత్రము గుండెనిబ్బరముతో ఆడసాగెను. నిమిషము నిలిచి, మీట దింపి, అతడు విశ్వవిద్యాలయపు బాటపట్టెను. వసారాప్రక్క గదిలో పసిబిడ్డ హాయిగా నిదురించుచునే ఉండెను.

ఆ కాలము గడచిపోయినది. మైసూరులోని యెజ్డీ కర్మాగారము 1996లో మూతపడెను. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశములో వాహనముల పొగను గూర్చిన నిబంధనలు మరింత కఠినమయ్యెను. అందుచే క్రొత్త మోటారుసైకిళ్ళలో దాదాపుగా కార్బురేటరే లేకుండపోయినది. యంత్రపు వేడిని కొలుచు సాధనమొకటి ఆ సంగతిని చిన్న కంప్యూటరునకు తెలుపును. అది ఎంత పెట్రోలు కావలెనో లెక్కించి, సన్నని పిచికారిద్వారా చిమ్మించును. చలి ఉదయమున చిక్కని మిశ్రమము కావలెనను ధర్మము మాత్రము మారలేదు. పూర్వము మనుష్యుడు వ్రేలితో చేసిన పనిని నేడు యంత్రమే చేసికొనుచున్నది. అయినను పాతబండ్లను ప్రాణప్రదముగా కాపాడుకొనువారు నేటికిని కలరు. వారి ఇండ్లముందు చలికాలమున ఆ చిన్న మీట ఇంకను పైకి లేచుచునే యున్నది.

పుస్తకములోని బొమ్మను మూడుసార్లు గీచినవాడు మొదటిరోజు బండిని మేల్కొలుపలేకపోయెను. బొమ్మ గీయ నెరుగని ఉస్తాదు మేల్కొలిపెను. అంతమాత్రముచే చదువు వ్యర్థమని తలపరాదు. బండి ఎందుకు అట్లు చేయునో విద్యార్థికి చదువు తెలిపినది. ఎట్లు చేయవలెనో ఉస్తాదు అనుభవము తెలిపినది. రెండును కలసిననాడే యంత్రము మన మాట వినును. బలముతో తన్నుట ఎవరైనను చేయగలరు. కారణమెరిగి తన్నుటయే నేర్పు.